సీసం సిపాయిలు, గుమ్మం మట్టి

మీ గుమ్మం ముందు మట్టి ఎవరైనా చిటికెడు తీసి, కాగితంలో పొట్లం కట్టుకుని వెళ్ళిపోతుంటే, కిటికీలోంచి అది చూసిన మీరు ఏం చేస్తారు?

తొందరపడి జవాబు చెప్పకండి. సభలో అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. "మట్టే కదా, తీసుకోనీ" అంటారు, చప్పట్లు కూడా కొడతారు. నేనడిగేది సభలో మాట కాదు. తెల్లవారుతుండగా, పందుంపుల్ల నోట్లో పెట్టుకుని, ఒక్కరే కిటికీ దగ్గర నిలబడ్డప్పటి మాట. ఆ వారంలోనే మీ ఇంట్లో ఒకరికి జ్వరం తగిలిందని కూడా అనుకోండి. ఇప్పుడు చెప్పండి.

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఈ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబుంది: చిల్లంగి. మీరు తొక్కిన మట్టి తీస్తాడు, మీ పోలికతో బొమ్మ చేస్తాడు, బొమ్మని పడుకోబెడతాడు, మీరు మంచం పడతారు. దానికి విరుగుడు కూడా ఉంది. చేసినవాణ్ణి పట్టుకుని పళ్ళు పీకడం. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట. ఈ శాస్త్రాన్ని ఖండిస్తూ నేను ఎన్ని అరుగులెక్కి గొంతు చించుకున్నానో నాకే గుర్తు లేదు. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. నేనెరిగిన మనుషుల్లో నిజంగానే గుమ్మం మట్టి దొంగిలించినవాడు, నిజంగానే మనుషుల పోలికతో బొమ్మలు చేసినవాడు, వాటిని నిజంగానే పడుకోబెట్టినవాడు ఒకడున్నాడు. ఆయన పోయాడని మొన్న బస్టాండులో మా బజారు షావుకారు చెప్పాడు.

వీధంతా ఆయన్ని హవల్దారు అనేది. పటాలంలో హవల్దారు అయిన మాట నిజం, తుపాకీ పేల్చిన మాట మాత్రం లేదు. స్టోర్సులో దుప్పట్లు, బూట్లు, కంచరగాడిదల గడ్డి చూసుకున్న మనిషి. ముందు పళ్ళు నాలుగు లేవు. బర్మాలో కంచరగాడిద తన్నిందని కొందరికీ, ఫిరంగి బండి తగిలిందని ఇంకొందరికీ చెప్పేవాడు. ఆయనకి గది అద్దెకిచ్చిన ముసలావిడని వీధిలో అందరూ అప్ప అని పిలిచేవారు. అప్ప కథనం వేరు. "బర్మా లేదు, బూడిదా లేదు. భోగాపురంలో పెళ్ళికెళ్ళి, అరటిగెల దించుతానని నిచ్చెనెక్కి పడిపోనాడు" అనేది. హవల్దారు వినబడనట్టు గోడకేసి తిరిగేవాడు.

స్టోర్సులో ఆయన పై అధికారి ఒక తెల్లదొర. ఆ దొరకి బల్ల మీద యుద్ధం ఆడే పిచ్చి ఉండేది. వేలెడు పొడుగు సీసం సిపాయిలు, గుర్రాలు, ఫిరంగులు, అటొక సైన్యం ఇటొక సైన్యం. ఎవరు ఎంత దూరం నడవాలో బద్దతో కొలవడం, దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చడం. ఎదుటి పక్క ఆడే మనిషి దొరకక దొర మన హవల్దారుని కూర్చోబెట్టాడు. దొర ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆట మాత్రం హవల్దారుతో రైలెక్కి విజయనగరం వచ్చింది. పాచికల స్థానంలో గవ్వలొచ్చాయి. బల్ల స్థానంలో, రెండు పెట్టెల మీద పరిచిన అప్ప ఇంటి పాత తలుపు రెక్క వచ్చింది. ఎదుటి పక్క ఆడేవాడు మాత్రం దొరకలేదు. రెండు పక్కలా తనే ఆడుకునేవాడు. ఓడిపోయిన రోజు ముఖం వేలాడేసుకుని కూర్చునేవాడు. గెలిచింది కూడా నువ్వే కదా అంటే, "ఆడు వేరు బాబూ" అనేవాడు.

అరవైల చివరి సంవత్సరాలవి. గంటస్తంభం దగ్గర నాకో చిన్న అచ్చాఫీసు ఉండేది. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, మీ దగ్గర అరిగిపోయిన అచ్చరాలుంటాయంట కదా?"

"ఉన్నాయి. మీకెందుకు?"

"గుర్రాలు సేస్తాను."

ఆయన పిచ్చివాడు కాడని తెలుసుకోవడానికి నాకు ఆ మధ్యాహ్నం అంతా పట్టింది. అచ్చు అక్షరాల్లో ఉండేది సీసమే. పైగా గట్టి సీసం, పోతపోస్తే మీసం వెంట్రుక కూడా దిగుతుంది. నా అచ్చాఫీసులో ఏ అక్షరాలు ముందు అరిగేవో మీరు ఊహించగలరు. నా కరపత్రాల పుణ్యమా అని 'దేవుడు', 'లేడు' అన్న మాటల్లోవే అరిగేవి. అవన్నీ ఇనప గరిటెలో కరిగి, మట్టి అచ్చుల్లో గడ్డకట్టి, ఆయన రెండు సైన్యాల్లో ఒకటైన ఆకుపచ్చ పటాలం వారి ఆశ్వికదళంగా లేచాయి. నా వాదనలు జీవితంలో ఎప్పుడైనా కదం తొక్కాయంటే అది ఆయన తలుపు రెక్క మీదే.

పోత పోయడం చిన్న పని. అసలు పని తర్వాత మొదలయ్యేది. ఆకురాయితో అంచులు గీకి, వార్నిష్ పట్టించి, దాని మీద సుద్ద పూసి, ఆ తర్వాత రంగు. కుంచె ఉడత తోక వెంట్రుకలతో ఆయనే కట్టుకునేవాడు. కొస సూదిలా రావడానికి పెదవుల మధ్య పెట్టి తిప్పేవాడు. అందుకే కింది పెదవి మీద ఎప్పుడూ ఓ రంగు చుక్క ఉండేది. ఆకుపచ్చ పటాలమా, నీలం పటాలమా, ఈవేళ ఏది తయారవుతోందో తెలుసుకోవడానికి లోపలికి వెళ్ళక్కర్లేదు. సందు మొగలో ఆయన పెదవి చూస్తే సరిపోయేది. ఆ రంగులు నోట్లో పెట్టుకోవద్దని, విషమని ఎన్నోసార్లు చెప్పాను. "పిసరంత విషం లేకపోతే మీసం తిరగదు బాబూ" అనేవాడు. హేతువాదినైన నాకు అంతకంటే అవమానకరమైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు.

కళ్ళు వేసేటప్పుడు మాత్రం గదికి చట్టం మారిపోయేది. ఎడమ చెయ్యి పైకెత్తి "ఊపిరి" అనేవాడు. అంటే గదిలో ఎవరూ ఊపిరి తీయకూడదు. ఆయనా తీసేవాడు కాదు. సృష్టికర్త లేడని నేను నిరూపిస్తున్న వాక్యం సగంలో ఉన్నా ఆగిపోవలసిందే. ఒక కన్ను అయ్యాక చెయ్యి దించేవాడు. అందరం బుస్సుమని వదిలేవాళ్ళం. రెండో కంటికి మళ్ళీ చెయ్యి లేచేది. అప్ప ఆ సమయంలో కావాలనే తలుపు దగ్గర నిలబడి తుమ్మేది.

ఇక మట్టి సంగతి. సిపాయి తయారయ్యాక అట్ట ముక్క మీద నిలబెట్టి, చుట్టూ చింతగింజల జిగురు రాసి, దాని మీద మట్టి చల్లేవాడు. వట్టి అట్ట మీద సిపాయి నిలబడితే ఆయన కంటికి అది పీట మీద పెళ్ళికొడుకులా కనిపించేదట. కానీ ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. ఏటి ఇసక రాలిపోతుంది. వాగు ఒడ్డు గెడ్డ మట్టి ఎండితే పగుళ్ళిస్తుంది. రోజూ పేడనీళ్ళతో కళ్ళాపి పడి, రోజూ మనుషులు తొక్కి, పిండిలా నలిగిన మట్టి మాత్రం జిగురుకి అంటుకుని వదలదు. అలాంటి మట్టి ఎక్కడుంటుంది? గుమ్మాల ముందు! అడిగితే ఎవరూ ఇవ్వరని ఆయనకి తెలుసు. అందుకని తెల్లారకుండా లేచి, ఆడవాళ్ళు కళ్ళాపి చల్లే లోపల, గుమ్మం గుమ్మానికీ వంగి చిటికెడు తీసి పొట్లం కట్టుకునేవాడు.

ఇంతవరకూ ఫర్వాలేదు. ఆయన ఇంకో అడుగు వేశాడు.

వందలకొద్దీ సిపాయిలకి ముఖాలు ఎక్కణ్ణుంచి తేవాలి? వీధిలోంచి తెచ్చాడు. నీలం పటాలం బాకా ఊదేవాడు మా పాలవాడు. ఫిరంగి దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డవాడు మా పోస్టుమాను. సామాన్ల బండి పక్కన, గాడిద కళ్ళెం పట్టుకుని, తుపాకీ లేకుండా, ముందు పళ్ళు లేకుండా నవ్వుతూ ఆయనే ఉన్నాడు. ఆకుపచ్చ సైన్యానికి సేనాపతి, పెద్ద పొట్టతో, కొసలు పైకి తిరిగిన మీసంతో, నుదుట కుంకం బొట్టుతో, అచ్చంగా బజారులో బెల్లం, చింతపండు అమ్మే మా షావుకారు. పైగా ఒక్కొక్కరి కాళ్ళ కింద వాళ్ళ వాళ్ళ గుమ్మం మట్టే చల్లాడు. ఎందుకయ్యా అంటే, "ఎవుడి మన్ను మీద ఆడు నిలబడాల బాబూ, లేకపోతే అద్దెకొచ్చినోడిలాగుంటాడు" అన్నాడు. చిల్లంగి చేసేవాడు చెయ్యవలసిన పనుల్లో ఒక్కటి కూడా వదలకుండా, చిల్లంగి అన్న మాట తలపుకే రాకుండా చేసిన మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

కొత్తగా చూసిన వాళ్ళు "ఇది బొబ్బిలి యుద్ధమేనా?" అని అడిగేవారు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న రాకుండా కత్తి పట్టిన బొమ్మ ఉండదు. ఆయన చిరాకుపడేవాడు. "ఎవులు సస్తారో ముందే తెలిసిపోనాక అదేటి ఆటండీ?"

ఆయన ఆటలో ఎవరు చస్తారో గవ్వలు చెప్పాలి. చచ్చినవాణ్ణి పారెయ్యకూడదు. బిస్కెట్ల డబ్బా మూతలో దూది పరిచి, దాని మీద పడుకోబెట్టాలి. మళ్ళీ కొత్త యుద్ధం మొదలైతే గాని లేపకూడదు. ఈ నియమాల దగ్గర ఆయన ఎవరి మాటా వినడు. మొండితనంలో మా ఊరి పురోహితులందరినీ కలిపితే ఆయన ఒక్కడు.

షావుకారు నెలకోసారి చింతగింజల మూట తెచ్చి ఇచ్చేవాడు, జిగురు కోసం. ఇద్దరికీ బావా అంటే బావా అనుకునే చనువు. ఆ రోజు మూట దించి, చెమట తుడుచుకుంటూ, తలుపు రెక్క మీదకి వంగాడు. నేను అక్కడే ఉన్నాను.

"బావా, ఇది నాను కాదేటి?"

"నువ్వే! గుర్తుపట్టీసేవే!" హవల్దారు ముఖం వెలిగిపోయింది.

"మరి దూది మీద పడుకున్నానేటి?"

"నిన్న సచ్చిపోనావు."

షావుకారు మూత అంచు పట్టుకున్నాడు. "ఎలగ?"

"గుండు తగిలినాది. గాని ఏ మాటకా మాటే, బాగా సచ్చినావు బావా. కడదాకా గుర్రం దిగలేదు."

"కాళ్ళ కింద ఆ మన్నేటి?"

"నీ గుమ్మందే! రంగు సూడు, ఎలగ కలిసిపోనాదో!"

అంత సంతోషంగా నేరం ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. షావుకారు మూట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాటికి ఆయన గొంతు పోయింది.

పోదా మరి! అంతకు ముందే గజపతినగరం సంతలో ఎండలో నిలబడి పొద్దస్తమానం అరిచి, నిమ్మసోడా మీద నిమ్మసోడా తాగి వచ్చిన మనిషి. కానీ అరిచి బేరం చేసేవాడికి గొంతు పోవడమంటే ప్రాణం పోయినట్టే. నోరు తెరిస్తే పిల్లి చీదినట్టు శబ్దం వస్తోంది. మధ్యాహ్నానికి వీధంతా అప్ప అరుగు ముందు చేరింది. హవల్దారు ఊరు విడిచిపోవాలన్నారు. అంతకు ముందు పళ్ళు పీకాలన్నారు. ఒకడు పట్టకారు కూడా తెచ్చాడు. ఇంతవరకూ మీరు నవ్వి ఉంటే మంచిదే, ఇక్కడ మాత్రం ఒక్క క్షణం నవ్వు ఆపండి. ఆ పట్టకారు నిజంది. దాన్ని పట్టుకున్నవాడు నేనెరిగిన మర్యాదస్తుడు, మా అచ్చాఫీసు తలుపుకి గొళ్ళెం బిగించినవాడు. భయం అలాంటివాడి చేతికే పట్టకారు ఇస్తుంది.

అప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆడికి ముందు పళ్ళే లేవు కదరా, ఏటి పీకుతారు?"

"ఎనకవి పీకుతాం అప్పా."

"ఎనకవి పీకితే మంత్రం ఆగుతాదేటి, మరమరాలు తినడం ఆగుతాది గాని!"

కొందరు నవ్వారు. ఆ నవ్వు సందులోంచి నేను అరుగెక్కాను. అలాంటి అవకాశం కోసమే పుట్టినట్టు ఉపన్యాసం మొదలుపెట్టాను. చివరికి నా ప్రతిపాదన చెప్పాను. హవల్దారు అందరి ముందూ "ఇది ఉత్త బొమ్మ" అని ఒక్క మాట అంటాడు. తర్వాత ఆ సేనాపతిని కుంపటి మీద కరిగించేద్దాం. షావుకారుగారు రాయిలా ఉంటారు. చిల్లంగి అబద్ధమని వీధంతా కళ్ళారా చూస్తుంది. ఇంతకంటే శాస్త్రీయమైన పరీక్ష ఉంటుందా?

పెద్దలు తలలూపారు. పట్టకారు దిగింది. అంతలో జనంలోంచి పిల్లి చీదింది.

"నన్ను కరిగించీస్తారా!" షావుకారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "వొద్దు బాబోయ్, వొద్దు!"

"బొమ్మని షావుకారుగారూ, మిమ్మల్ని కాదు."

"బొమ్మంటావేటి బాబూ?" ఈ గొంతు నా వెనకనుంచి వచ్చింది. హవల్దారు. "ఉత్త బొమ్మ అని నానెలగ సెప్తాను? ఆ మీసం సూసినారా మీరు?"

ఆయన్ని రెక్క పట్టుకుని పక్కకి లాగాను. "ఒక్క మాట. ఒక్క అబద్ధం అనుకోండి పోనీ. పళ్ళు పోతాయి, ఇల్లు పోతుంది!"

"పోతే పోనీ. ఆ మాట మాత్రం నా నోటంట రాదు."

చూశారా నా గతి! బొమ్మకి ప్రాణముందని నమ్మే షావుకారు ఒక పక్క, బొమ్మని బొమ్మ అనడానికి నామోషీ పడే హవల్దారు ఒక పక్క, మధ్యలో నా శాస్త్రీయ పరీక్ష బోర్లా పడింది. పట్టకారు మళ్ళీ లేచింది.

షావుకారే దారి చూపించాడు. చీదుతూనే హవల్దారు దగ్గరికి వచ్చి, "బావా, నన్ను లేపీ" అన్నాడు.

"సచ్చినోడు లేవడు బావా. ఆట నియమం."

"మరెప్పుడు లేస్తాను?"

"కొత్త యుద్ధం మొదలెడితే అందురూ లేస్తారు."

"అయితే మొదలెట్టు! ఇప్పుడే!"

తలుపు రెక్క అరుగు మీదకి వచ్చింది. అప్ప మూకుడు బోర్లించి దాని మీద పాత చీర ముక్క కప్పితే గుట్ట అయింది. ఇంటి వెనకనుంచి కొబ్బరీనెలు తెస్తే వంతెన అయింది. షావుకారు కొబ్బరికాయ తెప్పించి కొట్టాడు, నా కళ్ళ ముందే. హవల్దారు మూతలోంచి ఆకుపచ్చ సేనాపతిని తీసి, తుడిచి, నిలబెట్టాడు. ఆకుపచ్చ సైన్యం షావుకారుది. నీలం సైన్యం హవల్దారుది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి ఎదుటి పక్క ఒక మనిషి కూర్చున్నాడు. పట్టకారు తెచ్చినవాడు దాన్ని అరుగు చివర పెట్టి, ఫిరంగులకి గవ్వలు వేస్తానన్నాడు.

పొద్దు వాలే వేళకి ఆట వేడెక్కింది. నీలం తుపాకులు గుట్ట మీదకి ఎక్కేశాయి. షావుకారు గుర్రాలు వంతెన దగ్గర ఇరుక్కున్నాయి. హవల్దారు బద్దతో కొలిచి, "నీ గుర్రం అక్కడికి పోదు బావా" అన్నాడు. అంతే! "ఒరే! ఎందుకు పోదురా? సంతకెళ్ళే నా ఎడ్లబండి ఇంతకంటే బేగి పోతాది! సరిగ్గా కొలు!" అని షావుకారు గంటస్తంభం దాకా వినబడేలా అరిచాడు.

"ఓలమ్మో, గొంతొచ్చీసింది!" అంది ఎవరో ఆడమనిషి.

వీధంతా చేతులెత్తి దండం పెట్టింది. నేను మళ్ళీ అరుగెక్కి, గొంతు వాపు గురించి, విశ్రాంతి గురించి, బొంగురుపోయిన మనిషి బొంగురు మాట మరిచిపోవడం గురించి వివరించబోయాను. హవల్దారు తలెత్తకుండానే అన్నాడు: "బాబూ, కాస్త తప్పుకోండి. మీ నీడ వంతెన మీద పడతన్నాది."

పళ్ళు దక్కాయి. ఇల్లు దక్కింది. ఓడిపోయింది నేనొక్కణ్ణే. ఇప్పటిదాకా చిల్లంగోడన్న మనిషి రేపటినుంచి మహిమగలవాడు. పొరుగూళ్ళ నుంచి జనం తమ గుమ్మం మట్టి పొట్లాలు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. నడుం నొప్పివాడు, పెళ్ళి కుదరనివాడు, అందరిదీ ఒకే మాట, "నన్నూ నిలబెట్టు బాబూ." ఆయన ఎవరికీ ఏ మహిమా వాగ్దానం చెయ్యలేదు. కానీ కాదనీ అనలేదు. పొట్లం విప్పి, మట్టి వేళ్ళతో నలిపి, "బాగున్నాది, ఎర్ర కలిసినాది, కొండపక్క ఊరేటి మీది?" అని మురిసిపోయేవాడు.

"ఉత్త బొమ్మలని చెప్పండి వాళ్ళకి!" అని నేను మండిపడ్డాను.

"ఎందుకు బాబూ? దొంగతనం తప్పినాది కదా. మన్ను ఇంటికే వస్తన్నాది."

అక్షరాలివ్వడం మానేశాను. కొన్నాళ్ళు అటు వెళ్ళలేదు. తర్వాత, ఆయన్ని చివరిసారి గట్టిగా కడిగేద్దామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. కుంపటి మీద గరిటెలో సీసం కరుగుతోంది. ఆయన జెండా పట్టుకునే సిపాయికి కళ్ళు వేస్తున్నాడు. ఒక కన్ను అయింది. నేను నోరు తెరిచేలోపల ఒకామె పిల్లని భుజానేసుకుని లోపలికొచ్చింది. గజపతినగరం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చిందట. కొంగు ముడి విప్పుతోంది, అందులో పొట్లం.

ఆయన వెనక్కి తిరక్కుండా ఎడమ చెయ్యి ఎత్తాడు. "ఊపిరి."

నేను బిగబట్టాను. ఆమె కూడా, ఏమీ అర్థం కాకపోయినా, బిగబట్టింది. గదిలో ఒక్క శబ్దమే మిగిలింది. చిన్న రంపం కోస్తున్నట్టు, గబగబా, ఆగి ఆగి. ఆ పిల్ల ఊపిరి.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కుంచె కింద పెట్టాడు. రెండో కన్ను వెయ్యకుండా ఆయన కుంచె దించడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటమ్మా, గుంటకేటి?"

"డొక్కలెగరేస్తన్నాది బాబూ. మా గుమ్మం మన్ను తెచ్చినాను. నిలబెట్టీ."

"ఆస్పత్రికెళ్ళేవా?"

"సూదులేస్తారంట. నువ్వు షావుకారికి గొంతు తెప్పించీసేవంట కదా."

నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. ఆయన నాకు సందివ్వలేదు. ఆమె కళ్ళలోకి చూసి, తన పళ్ళు కాపాడుకోవడానికి కూడా అనని మాట అన్నాడు.

"ఇవి ఉత్త బొమ్మలమ్మా."

ఆమె నమ్మలేదు. "అందురికీ సేస్తన్నావు, నాకు సెయ్యవేటి? నానేటి తప్పు సేసినాను?" అని పొట్లం ఆయన చేతిలో కుక్కింది.

ఆయన లేచాడు. తలుపు రెక్క మీద సామాన్ల బండి దగ్గరికి వెళ్ళి, గాడిద పక్కన పళ్ళు లేకుండా నవ్వుతున్న మనిషిని తీసి ఆమెకి చూపించాడు.

"ఇదెవులు?"

ఆమె బొమ్మనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "నువ్వే."

"కాళ్ళ కింద మన్ను ఈ గుమ్మందే. నాను తొక్కిందే. సూడు." అట్ట ముక్క ఊడదీసి, బొమ్మని గరిటెలో వేశాడు. రంగు పొగలేచింది. కాళ్ళు ముందు వంగాయి. నవ్వు చివరిదాకా ఉంది, తర్వాత అదీ మిగతా సీసంలో కలిసిపోయింది. "కరిగిపోనాను. సచ్చినానేటి? సెప్పు, సచ్చినానేటి? లే మరి. బేగి లే."

ఆమె గరిటెలోకి చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. లేచింది.

రిక్షాలో పిల్లని ఆయనే పట్టుకున్నాడు. నేను వెనక సైకిలు తొక్కాను. ఆస్పత్రిలో నర్సు పిల్లని లోపలికి తీసుకుని, ఆయన పెదవి మీద ఆకుపచ్చ చూసి, "ఈయనేం తాగాడు?" అని నన్నడిగింది. పిల్ల బతికింది. బతికింది కాబట్టి ఆయన చేసింది ఒప్పని నేననను. అలా అంటే, షావుకారుకి గొంతొచ్చింది కాబట్టి మహిమే అన్నవాళ్ళకీ నాకూ తేడా లేదు. ఆ పిల్ల దక్కకపోయినా ఆయన చేసిందే ఒప్పు. నేను జీవితమంతా అరుగుల మీద చెయ్యలేని పరీక్ష ఆయన ఒక గరిటెలో, తన మీద తనే చేసుకున్నాడు.

ఆ తర్వాత పొట్లాలు తెచ్చినవాళ్ళకి ముందు ఆ మాట చెప్పేవాడు, ఇష్టం లేని మందు మింగినట్టు ముఖం పెట్టి, "ఉత్త బొమ్మలండీ" అని. సగం మంది పొట్లం తీసుకుని వెళ్ళిపోయేవారు. తన బొమ్మ మాత్రం మళ్ళీ పోతపోసుకోలేదు. ఎందుకంటే, "ముసిలిముకం బాబూ, రంగు దండగ" అన్నాడు. నేను మళ్ళీ అక్షరాలివ్వడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆయన జెండా సిపాయిని, రెండో కన్ను వెయ్యకుండానే, ఆ తల్లి వదిలి వెళ్ళిన మట్టి మీద నిలబెట్టి నాకిచ్చాడు.

ఆయన పోయాడని బస్టాండులో షావుకారు చెప్పాడన్నాను కదా. పూర్తిగా నెరిసిన ఆ మీసం మీద చెయ్యి వేసుకుని ఇంకో మాట కూడా అన్నాడు.

"పోడేటి బాబూ? ఆ రోజు తనని తానే కరిగించీసుకున్నాడు కదా. లేకపోతే ఇంకా ఉండును."

"అది జరిగి ఎన్నేళ్ళయింది షావుకారుగారూ!"

"ఎన్నేళ్ళైతేనేటి? నెమ్మదిగా పని సేసినాది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నన్ను మాత్రం అద్దాల బీరువాలో నిలబెట్టే ఉంచినాను. ఇంట్లో ఎవుల్నీ ముట్టనివ్వను."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, ఎదుటి పక్క కూర్చోడానికి ఇక బావ లేడు. అందుకని ఊరుకున్నాను. షావుకారు దగ్గర ఊరుకున్నాను గాని మీ దగ్గర ఊరుకోను.

ఒంటికన్ను జెండా సిపాయి ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాడు. వాడి కాళ్ళ కింద ఆ తల్లి తెచ్చిన మట్టి ఉంది. ఈ నాలుగు ముక్కలూ వాడు చూస్తుండగా రాశాను. పట్టకార్లు ఇంకా తుప్పు పట్టలేదు. మీ వీధిలో కూడా ఒకరుంటారు. ఒంటరి ముసలమ్మో, గోడవైపు తిరిగి ఏదో గొణుక్కునేవాడో. వాళ్ళు నడిచి వెళ్తే మీరు పిల్లల్ని లోపలికి పిలుస్తారు. రేపు పొద్దున్న లేవండి. కళ్ళాపి చల్లకముందే మీ గుమ్మం మట్టి మీ చేత్తోనే చిటికెడు తీయండి. పొట్లం కట్టండి. వీధంతా చూస్తుండగా తీసుకెళ్ళి ఆ మనిషి చేతిలో పెట్టండి. మీ పేరు చెప్పి మరీ పెట్టండి.